తూటా పోయినంత దూరం వేటగాడు నడుస్తాడా?

దూరం నుంచి గురిపెట్టి పెద్ద జంతువును కూల్చడం నైపుణ్యమా, బాధ్యత నుంచి తప్పుకోవడమా? దల్మా కొండల సేంద్రా నుంచి బీహార్ పొలాల్లో పేలిన హైదరాబాద్ రైఫిళ్ళ దాకా ఒక పరిశీలన.

సోనారి చివర దోముహాని దగ్గర ఖర్కాయి వచ్చి సువర్ణరేఖలో కలుస్తుంది. ఆ ఒడ్డు నుంచి చూస్తే నది అవతల దల్మా కొండల వరుస కనిపిస్తుంది. ఎత్తైన శిఖరం మూడు వేల అడుగుల పైమాటే. దాని చుట్టూ 193 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం ఉంది. అందులో ఏనుగులు, ఎలుగుబంట్లు, అడవి పందులు, కొండగొర్రెలు తిరుగుతాయి. ఉక్కు కర్మాగారంలో పనికని తరాల కిందట ఉత్తరాంధ్ర నుంచి వచ్చి జంషెడ్‌పూర్‌లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు ఆ కొండ సెలవురోజు వనభోజనాల చోటు. మే నెల వచ్చిందంటే మాత్రం అది వేరే కారణంతో పత్రికలకెక్కుతుంది. జార్ఖండ్, ఒడిశా, పశ్చిమ బెంగాల్ పల్లెల నుంచి సంతాల్, హో, ముండా, భూమిజ్ మగవాళ్ళు విల్లంబులు, బల్లేలు, గొడ్డళ్ళు పట్టుకుని దిశుమ్ సేంద్రాకు, అంటే ఏడాదికోసారి జరిగే సామూహిక వేటకు, కొండెక్కుతారు. అటవీశాఖ దారి పొడవునా చెక్‌పోస్టులు పెడుతుంది. వలలు, ఉచ్చులు, తుపాకులు తేవద్దంటుంది. అభయారణ్యంలో వేట చట్టవిరుద్ధమని ఒకరు, తాతముత్తాతల ఆచారమని మరొకరు. ఏటా అదే వాదన, ఎక్కడి గొంగళి అక్కడే. చంపవచ్చా చంపకూడదా అన్న దగ్గరే ఇరుపక్షాలూ ఆగిపోవడం వల్ల ఇంకో ప్రశ్న మరుగున పడిపోతోంది. ఎంత దూరం నుంచి చంపుతున్నారు? గురి తప్పితే ఆ తప్పు ఎవరి మీద పడుతోంది? వేటలో నీతి అనేదేదైనా ఉంటే దాని తూకం ఈ రెండో ప్రశ్న దగ్గరే తేలుతుంది.

అమెరికాలో ఈ చర్చ చాలాకాలంగా నడుస్తోంది. అక్కడ పెద్ద జంతువుల వేటకు లైసెన్సులు, సీజన్లు, కోటాలు ఉన్నాయి. గత రెండు దశాబ్దాల్లో రైఫిళ్ళు మారిపోయాయి. లేజర్‌తో దూరం కొలిచే పరికరాలు వచ్చాయి. గాలి ఒత్తిడి, ఉష్ణోగ్రత, కొండవాలు లెక్కగట్టి టెలిస్కోపును ఎంత తిప్పాలో చెప్పే చిన్న కంప్యూటర్లు వచ్చాయి. 2013లో ట్రాకింగ్‌పాయింట్ అనే టెక్సాస్ కంపెనీ, లక్ష్యానికి గుర్తు పెట్టి ట్రిగ్గర్ నొక్కి పట్టుకుంటే చాలు సరైన క్షణంలో తానే పేలే రైఫిల్‌ను అమ్మకానికి పెట్టింది. ఇంకా ముందు, 2005లో, అదే రాష్ట్రంలో ఒకాయన, ఎవరైనా తమ ఇంట్లో కూర్చుని కంప్యూటర్ మౌస్ నొక్కి తన స్థలంలోని జంతువును కాల్చే ఏర్పాటు చేశాడు. దాన్ని వేటగాళ్ళే ఛీకొట్టారు. టెక్సాస్‌తో సహా అనేక రాష్ట్రాలు నిషేధించాయి. థియొడోర్ రూజ్‌వెల్ట్ 1887లో నెలకొల్పిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ వేటను సమర్థించే సంస్థ. అలాంటి సంస్థ కూడా దూరపు కాల్పులను తప్పుపట్టింది. ప్రమాదాన్ని పసిగట్టడానికి జంతువుకు ప్రకృతి ఇచ్చిన ఇంద్రియాలన్నీ ఆ దూరంలో పనికిరాకుండా పోతాయన్నది దాని అభ్యంతరం. ఇన్ని గజాలు దాటితే తప్పు అని అది గీత గీయలేదు. పరికరం ఎంత దూరం కొడుతుందో ప్రాణి మీద పరీక్షించి చూడాలన్న ఉద్దేశం ఉంటే దాన్ని వేట అనలేమంది. ఉద్దేశాన్ని పట్టుకోవడం బాగానే ఉంది గానీ, ఉద్దేశం గుండెల్లో ఉండే సంగతి. బయటికి కనిపించే కొలబద్ద ఒకటి కావాలి. అది దొరకాలంటే ముందు తూటా ప్రయాణం అర్థం కావాలి.

ఈ కాలపు మంచి రైఫిల్ నుంచి తూటా సెకనుకు ఎనిమిది వందల మీటర్ల పైచిలుకు వేగంతో బయటికొస్తుంది. వంద మీటర్ల దూరంలో ఉన్న దుప్పిని చేరడానికి దానికి సెకనులో ఎనిమిదో వంతు చాలు. అదే వెయ్యి గజాలైతే, అంటే కిలోమీటరుకు కాస్త తక్కువ, గాలిని కోసుకుంటూ వేగం తగ్గిపోయి సుమారు ఒకటిన్నర సెకను పడుతుంది. ఆలోగా తూటా ఏడెనిమిది మీటర్లు కిందికి జారుతుంది. దాన్ని యంత్రం లెక్కగట్టగలదు. పక్క నుంచి వీచే గాలి సంగతి వేరు. గంటకు పదహారు కిలోమీటర్ల గాలి ఆ దూరంలో తూటాను దాదాపు రెండు మీటర్లు పక్కకి తోస్తుంది. గాలి వేగాన్ని మూడు కిలోమీటర్ల మేర తప్పు అంచనా వేస్తే అడుగుకు పైగా తేడా వస్తుంది. దుప్పి గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు అన్నం కంచం అంత ఉంటుంది, తొమ్మిది పది అంగుళాలు. అక్కడ తగిలితే జంతువు నిమిషంలోపే పడిపోతుంది. జానెడు వెనక్కి తగిలితే పొట్ట, పేగులు చిరుగుతాయి. అలాంటి జంతువు వెంటనే చావదు. పొదల్లోకి పోయి గంటలకొద్దీ ప్రాణాలు ఈడుస్తుంది. పైగా కాల్చే మనిషి దగ్గర వీచే గాలికీ, మధ్యలో లోయలో వీచేదానికీ, జంతువు దగ్గర వీచేదానికీ పొంతన ఉండదు. వేసవి మధ్యాహ్నం దల్మా లాంటి కొండవాలు మీద వేడెక్కిన గాలి పైకి ఎగదన్నుతుంటుంది. ఆ దారి పొడవునా గాలి కొలిచే సాధనం ఏ వేటగాడి చేతిలోనూ లేదు.

గాలిని ఊహించగల నిపుణుడు ఉన్నాడనుకుందాం. జంతువు మనసును ఊహించగలవాడు లేడు. మేస్తున్న జింక ఒక్క అడుగు ముందుకు వేయడానికి సెకను పట్టదు. ట్రిగ్గర్ నొక్కినప్పుడు ఊపిరితిత్తుల మీద ఉన్న గురి, తూటా చేరేసరికి పొట్ట మీదకి వచ్చి ఉంటుంది. ఇందులో కాల్చినవాడి చేతివాటం లోపం ఏమీ లేదు. వేలు కదిలాక తూటా వాడి మాట వినదు, జంతువు ఎప్పుడూ వినలేదు. వంద మీటర్లలో ఈ చిక్కు లేదు, దుప్పి ఉలిక్కిపడేలోపే తూటా దిగిపోతుంది. బ్రిటన్‌లో 2014లో వెలువడిన ఒక అధ్యయనం 102 మంది వేటగాళ్ళు జింకల మీద పేల్చిన 2281 షాట్ల వివరాలను పరిశీలించింది. చాలావరకు తొలి తూటాకే జంతువు చనిపోయింది. అయితే అక్కడ గురి ఫలించడానికి తోడ్పడినవి దగ్గరి దూరం, కదలకుండా నిలబడ్డ జంతువు, తుపాకికి ఆనుడు, తొందరపడకపోవడం. కొత్త సంగతులేం కావు, మన మంచె మీద మాటు వేసే ముసలి వేటగాడెవరైనా ఇవే చెబుతాడు. శాస్త్రం లెక్కలు వేసి వాడి మాటను ఖాయం చేసింది, అంతే.

తూటా తగిలాక జరిగేది ఇంకా ముఖ్యం, దాన్ని గురించే అందరూ తక్కువ మాట్లాడతారు. దగ్గర్నుంచి కాల్చినవాడికి జంతువు ఎక్కడ నిలబడిందో, తూటా ఎక్కడ తగిలిందో, అది ఎటు పరుగెత్తిందో కనిపిస్తుంది. ఆ చోటికి నాలుగు అంగల్లో చేరతాడు. నెత్తురు రంగు చూస్తే గాయం ఎక్కడో తెలుస్తుంది. నురగతో లేత ఎరుపైతే ఊపిరితిత్తి, నల్లగా చిక్కగా ఉంటే కాలేయం, ఆకుపచ్చ పసరు కలిస్తే పొట్ట. ఆ జాడ పట్టుకుని పోయి రెండో తూటాతో బాధ తీర్చగలడు. లోయకు అటువైపు నుంచి కాల్చినవాడు కిందికి దిగి, వాగు దాటి, పైకెక్కి ఆ చోటికి చేరడానికి ముప్పావు గంటో గంటో పడుతుంది. దూరం నుంచి గుర్తు పెట్టుకున్న చెట్టు, దగ్గరికొచ్చాక పది చెట్లలో ఒకటి. చీకటి పడిందా, ఇక వెతకడం రేపటికే. తగిలిందో లేదో తేలకపోతే ‘తప్పిపోయింది’ అని సర్దిచెప్పుకోవడం మనిషి స్వభావం. ఇలా తప్పిపోయిందనుకున్నవాటిలో ఎన్ని గాయంతో పోయాయో ఏ లెక్కలోకీ ఎక్కదు.

ఆ లెక్క ఒక్కోసారి ఊళ్ళ మీద పడుతుంది. కుమావూన్‌లో, నేపాల్‌లో 436 మందిని పొట్టనబెట్టుకున్నదని చెప్పే చంపావత్ ఆడపులిని జిమ్ కార్బెట్ 1907లో కాల్చాడు. దాని నోరు తెరిచి చూస్తే కుడివైపు పై కోర సగానికి, కింది కోర మొదలంటా విరిగి ఉన్నాయి. అంతకు ముందెప్పుడో ఎవరో కాల్చిన తూటా ఫలితమది. సహజమైన ఆహారాన్ని పట్టలేకనే అది మనుషుల మీద పడిందని కార్బెట్ నిర్ణయం. ఆ మొదటి వేటగాడెవరో ఎవరికీ తెలియదు. వాడు ఎంత దూరం నుంచి కాల్చాడో కూడా తెలియదు. గాయం చేసి వదిలేశాడని మాత్రం తెలుసు. వాడి తప్పుకు శిక్ష పడినవాళ్ళు కట్టెలకూ గడ్డికీ అడవికెళ్ళిన ఆడవాళ్ళు. గురి తప్పిన ఖరీదు కాల్చినవాడు చెల్లించకపోతే ఆ బాకీ తీరిపోదు, ఇంకొకరి గడపకు మారుతుంది.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద వేట నిషేధం, ఇదంతా మనకెందుకని ఎవరైనా అనవచ్చు. నిషేధించింది వినోదపు వేటను. కాల్పులు ఆగలేదు. వన్యప్రాణి చట్టం 11వ సెక్షన్ కింద మనుషుల ప్రాణానికి ముప్పు తెచ్చే జంతువునూ, పంటలను నాశనం చేసేవాటినీ చంపడానికి అధికారులు అనుమతి ఇవ్వవచ్చు. 62వ సెక్షన్ కింద కొన్ని జాతులను ఫలానా ప్రాంతంలో ఫలానా కాలానికి హానికర జంతువులుగా కేంద్రం ప్రకటించవచ్చు. బీహార్‌లో మనుబోతులను, అంటే నీల్‌గాయ్‌లను, అడవి పందులను 2015 చివర్లో అలాగే ప్రకటించారు. 2016 జూన్‌లో మొకామా ప్రాంతంలో కొద్ది రోజుల్లోనే రెండు వందలకు పైగా మనుబోతులు తూటాలకు బలయ్యాయి. కాల్చింది హైదరాబాద్ నుంచి పిలిపించిన షూటర్లు. అప్పటి కేంద్ర మంత్రులు మేనకా గాంధీ, ప్రకాశ్ జావదేకర్ దాని మీద బహిరంగంగానే తగువుపడ్డారు. మరుసటి ఏడాది జార్ఖండ్‌లోని సాహిబ్‌గంజ్ జిల్లాలో పదిహేను మంది ప్రాణాలు తీసిందన్న ఏనుగును కాల్చిందీ హైదరాబాద్ నుంచి వచ్చిన షూటరే. తెలంగాణలోనూ పంటల మీద పడే అడవి పందులను ఎంపిక చేసిన షూటర్లతో కాల్పించడానికి ప్రభుత్వం అనుమతులు ఇచ్చింది. కేరళ 2022లో ఆ అధికారాన్ని పంచాయతీల దాకా దించింది. కాబట్టి రైఫిల్ పట్టుకున్న తెలుగువాడు ఎంత దూరం నుంచి కాల్చాలన్నది మనకు పరాయి ప్రశ్న కాదు. 2019లో బీహార్‌లోనే వైశాలి జిల్లాలో ఒక వీడియో బయటికొచ్చింది. కాల్పుల్లో గాయపడి ఇంకా కదులుతున్న మనుబోతును జేసీబీతో గోతిలోకి తోసి, బతికుండగానే మట్టి కప్పేశారు. కాల్చినవాడు ఒకడు, పూడ్చేది మరొకడు. చచ్చిందో లేదో చూడాల్సిన పని ఇద్దరిదీ కాకుండా పోయింది. దూరం అంటే గజాల లెక్క మాత్రమే కాదనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు.

సేంద్రాను ఈ వెలుగులో చూడాలి. విల్లంబు సరిగ్గా పనిచేసేది ముప్పై నలభై మీటర్ల లోపే. అడవి పంది ముక్కు, కొండగొర్రె చెవులు, నెమలి కేక, కొండముచ్చు హెచ్చరిక అన్నీ దాటి అంత దగ్గరికి చేరాలి. తిరగబడితే కాలో కడుపో చీలుతుంది. సేంద్రాకు వెళ్ళినవాడు తిరిగొస్తాడో రాడో అని, వాళ్ళు వచ్చేదాకా ఇంట్లో ఆడవాళ్ళు నుదుట సిందూరం పెట్టుకోరని చెబుతారు. అలంకారం కోసం చెప్పుకునే మాట కాదది. ప్రమాదం రెండువైపులా ఉందని ఒప్పుకుని బయల్దేరడం. సంతాల్‌ల వేటకు దిహ్రీ అనే పూజారి పెద్ద. వేటకు ముందు అడవి దేవతల పూజ, వేట తర్వాత మాంసం పంపకం అతని ఆధ్వర్యంలోనే. ఎవరి బాణం ముందు తగిలిందన్న తగువు తేలాకే పోగులు వేస్తారు. అంటే ప్రతి బాణానికీ యజమాని ఉంటాడు, ప్రతి గాయానికీ సాక్షులుంటారు. రాత్రి మకాంలో జరిగే లో బీర్ సభ సంతాల్‌లకు అత్యున్నత న్యాయస్థానం లాంటిది. ఊరి పెద్ద అయిన మాంఝీ మీద, పరగణా పెద్ద మీద కూడా అక్కడ ఫిర్యాదు చెప్పుకోవచ్చు. వేటనూ విచారణనూ ఒకే చోట పెట్టిన వ్యవస్థ ఇది. మన పాడేరు, అరకు మన్యంలో చైత్రమాసపు ఇటుకల పండుగలో మగవాళ్ళు వేటకు పోవడం, వట్టి చేతులతో తిరిగొస్తే ఆడవాళ్ళు ఎగతాళి పట్టించడం ఈ కోవలోదే. వట్టి చేతులతో రావడానికి ఆచారంలోనే చోటుంది. సిగ్గుపడాల్సిందే, కానీ కొంపేం మునగదు. తప్పకుండా చంపి తీరాలన్న పట్టుదల లేనిచోట, అందని దూరంలో ఉన్నదాని మీద బాణం వేయాల్సిన అవసరమూ ఉండదు.

ఇదంతా విని సేంద్రాను ఆకాశానికెత్తుతున్నానని అనుకోకూడదు. వందలమంది, వేటకుక్కలతో సహా, ఏనుగులు తిరిగే అడవిలోకి ఒక్కసారిగా దూసుకెళ్తే చిన్న జంతువులకు పారిపోయే దారి ఉండదు. వలలు, ఉచ్చులు కూడా వస్తున్నాయన్న అటవీశాఖ ఫిర్యాదు కొట్టిపారేసేది కాదు. అన్నిటికంటే గట్టి అభ్యంతరం ఇంకొకటి ఉంది. బాణం తూటాలా ఒక్క దెబ్బకు పడగొట్టదు, నెత్తురు కారి చావాలి, గాయంతో తప్పించుకునేవి తూటా కంటే బాణానికే ఎక్కువని విల్లు వేట ప్రియులున్న దేశాల్లోనూ ఒప్పుకుంటారు. నిజమే. అందుకే నా వాదన విల్లు మంచిది, రైఫిల్ చెడ్డది అని కాదు. వంద మీటర్లలో, ఆనుడు మీద పెట్టిన రైఫిల్, అరవై మీటర్ల నుంచి ఆశగా వదిలిన బాణం కంటే ఎంతో దయగలది. ఏ ఆయుధానికైనా ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దు ఆయుధం ఎంత దూరం కొడుతుందన్న దాన్ని బట్టి రాదు. తప్పు జరిగితే కొట్టినవాడు దాన్ని కళ్ళారా చూసి, ప్రాణం ఉండగా దగ్గరికి చేరి, సరిదిద్దగలిగే దూరమే ఆ హద్దు.

దగ్గరైతే చాలు నీతి దానంతటదే వస్తుందన్నది కూడా భ్రమే. 1902 ఏప్రిల్‌లో వరంగల్ దగ్గర నెక్కొండ అడవుల్లో వైస్రాయ్ కర్జన్ పులి వేట ఆడాడు. చచ్చిన పులి పక్కన కర్జన్ దంపతులు నిలబడ్డ లాలా దీన్‌దయాళ్ ఛాయాచిత్రం ఇప్పటికీ ప్రసిద్ధం. అలాంటి దర్బారీ వేటల్లో దొర మంచె మీదో ఏనుగు అంబారీలోనో ఉంటాడు. పులి తుపాకికి దగ్గరగానే వస్తుంది. దాన్ని అక్కడిదాకా తోలుకొచ్చేది డప్పులు, కర్రలు పట్టుకుని పొదల్లో కాలినడకన నడిచే పల్లెజనం. దొర గురి తప్పితే గాయపడ్డ పులి మళ్ళేది వాళ్ళ మీదికే. గజాల్లో దగ్గర, బాధ్యతలో బహుదూరం. ఇటీవలి ఉదాహరణ 2018 నవంబర్ 2 రాత్రి మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో అవని అనే ఆడపులి కాల్చివేత. కాల్చింది హైదరాబాద్ షూటరే, దూరమూ కొద్ది మీటర్లే. ముందు మత్తు ఇచ్చి పట్టే ప్రయత్నం నిబంధన ప్రకారం నిజంగా జరిగిందా అన్నది పెద్ద వివాదమైంది. అక్కడ ప్రశ్న గురి గురించి కాదు, చీకట్లో, సాక్షులు తక్కువున్న చోట తీసుకున్న నిర్ణయం గురించి. కాబట్టి దగ్గర అనేది అవసరమే గానీ అదొక్కటే చాలదు, బాధ్యత ఎవరిదో ముందే తేలి ఉండాలి.

మన పురాణాలకు ఈ సంగతి బాగా తెలుసు. సరయూ ఒడ్డున చీకట్లో కుండ మునిగిన చప్పుడు విని, ఏనుగు నీళ్ళు తాగుతోందనుకుని దశరథుడు శబ్దభేది బాణం వేశాడు. ఆ విద్య ఆనాటి దూరపు రైఫిల్, కంటికి కనిపించనిదాన్ని కొట్టగల గొప్పతనం. చచ్చింది ముని కుమారుడు. ఆ కథలో శాపాన్నే మనం గుర్తుపెట్టుకుంటాం. శాపం కంటే ముందు దశరథుడు చేసిన పని కూడా చూడాలి. అరుపు వినగానే పరుగున అక్కడికి వెళ్ళాడు, కుర్రవాడి మాట విన్నాడు, వాడు అడిగితే బాణం తన చేత్తోనే పెరికాడు, నీళ్ళు తీసుకుని గుడ్డి తల్లిదండ్రుల దగ్గరికి తానే వెళ్ళి జరిగింది చెప్పాడు. నేరం బాణం వేయడంలో ఉంది. దాని వెంట నడిచి వెళ్ళడంలో మనిషితనం ఉంది. బాణం పడ్డ చోటికి గంటలోపు చేరలేనంత దూరం నుంచి వేసుంటే, ఈ రెండో భాగం జరిగేదే కాదు.

ఇక ఎదురువాదనలు. నిపుణుడైన షూటర్ ఆరువందల మీటర్ల నుంచి కొట్టేది, చేయి వణికే అనుభవం లేనివాడు వంద మీటర్ల నుంచి కొట్టేదాని కంటే నయం కదా అంటారు. ఇద్దరినీ ఆ విధంగా పోల్చడమే తప్పు. ఆ నిపుణుడే వంద మీటర్లకు వస్తే ఇంకెంత నయం? నైపుణ్యం ఉన్నవాడికి దగ్గరికి చేరే నైపుణ్యమూ ఉండాలి, లేకుంటే అది సగం విద్య. మైదానంలో ఇనుప పలక మీద వెయ్యి గజాల నుంచి కొట్టడం మెచ్చుకోదగిన క్రీడే, అందులో అభ్యంతరం లేదు. పలకకు పేగులు ఉండవు. అడవిలో జంతువు పులికి చిక్కినా, ముసలితనంలో ఆకలితో చచ్చినా బాధ తప్పదు కదా, తూటా దానికంటే మేలు కదా అన్నది ఇంకో వాదన. పులికి వేరే దారి లేదు, రైఫిల్ పట్టినవాడికి ఉంది. ఎంచుకునే అవకాశం ఉన్నవాణ్ణి, అవకాశం లేనిదానితో పోల్చి మంచివాడని తేల్చడం కుదరదు.

అన్నిటికంటే బరువైన వాదన రైతుది. మక్క చేను కంకి పట్టే వేళకు, వేరుశనగ ఊడ దిగే వేళకు అడవి పందుల గుంపు ఒక్క రాత్రిలో ఎకరం దున్నేస్తుంది. పెట్టుబడి పోయి అప్పు మిగిలినవాడితో జంతువు బాధ గురించి మాట్లాడటం నగరంలో కూర్చున్నవాడికి తేలిక. ఎంత దూరం నుంచైనా కాల్చండి, నా చేను దక్కితే చాలనే హక్కు ఆయనకు ఉంది. అయినా దూరపు కాల్పులు ఆయన మేలు కోరేవి కావు. మొదటి సంగతి, గాయపడ్డ అడవి పంది పొద్దున్నే నీళ్ళు కట్టడానికి వచ్చిన మనిషి మీద పడుతుంది. రెండోది తూటాకే సంబంధించినది. రైఫిల్ తూటా గురి తప్పితే కిలోమీటర్ల కొద్దీ పోగలదు. రాత్రిపూట చేలల్లో పందిని చూసి పేల్చినప్పుడు, దాని వెనక చీకట్లో పక్క రైతు తన చేనికి కాపలా కాస్తూ ఉండవచ్చు. పాతకాలపు మంచెలో ఇక్కడొక తెలివి ఉంది. పదిహేను అడుగుల ఎత్తు నుంచి ముప్పై మీటర్ల దూరంలోని పంది మీద కాలిస్తే తూటా ఏటవాలుగా దిగుతుంది, పందిని దాటినా మూడు నాలుగు మీటర్లలోనే మట్టిలో కూరుకుపోతుంది. అదే చదునైన పొలంలో ఐదారు వందల మీటర్ల నుంచి కాలిస్తే తూటా నేలకు దాదాపు సమాంతరంగా వస్తుంది, రాయికి తగిలి ఎటు ఎగురుతుందో చెప్పలేం. జంతువుకు దయ, రైతుకు భద్రత, ఈ రెండూ అదే ముప్పై నలభై మీటర్ల దగ్గర కలుస్తున్నాయి. రెండు వేరువేరు లెక్కలు వేసినా జవాబు ఒకటే వస్తోందంటే ఆ జవాబును నమ్మవచ్చు. ఇంకో విశేషం కూడా ఉంది. మత్తు సూది తుపాకి పనిచేసేది కొద్ది పదుల మీటర్లలోనే. ఏనుగునైనా పులినైనా ప్రాణంతో పట్టాలనుకున్న పశువైద్యుడు అంత దగ్గరికి రావాల్సిందే, రోజూ వస్తున్నారు కూడా. కాపాడటానికి వాళ్ళు తీసుకుంటున్న ప్రమాదాన్ని చంపడానికి వచ్చినవాడు తీసుకోనంటే ఎలా?

దూరం పెంచుకుంటూ పోతే చివరికి ఎక్కడికి చేరతామో మన పల్లెల్లోనే కనిపిస్తోంది. చేను చుట్టూ దొంగచాటుగా లాగిన కరెంటు తీగ, పందుల దారిలో బిగించిన ఉచ్చు, పిండిలో చుట్టి వదిలిన నాటుబాంబు. వీటిలో వేటగాడు అసలు ఉండనే ఉండడు, ఇంట్లో పడుకుని ఉంటాడు. ఏ జంతువు వస్తుందో తీగకు తెలియదు. తెలంగాణలో అలాంటి తీగలు పందులతో పాటు పులులను, చిరుతలను, వేకువనే చేలోకి వెళ్ళిన మనుషులను కూడా బలి తీసుకున్నాయి. 2020 మే 27న కేరళలోని వెళ్ళియార్ నదిలో నిలబడి చనిపోయిన గర్భిణి ఏనుగు, పందుల కోసం పేలుడు మందు పెట్టిన ఎరను కొరికింది. దవడలు చితికి, తిండీ నీళ్ళూ లేక రోజుల తరబడి తిరిగి, చివరికి నీళ్ళలోకి దిగి నోరు ముంచుకుని ప్రాణం వదిలింది. వెయ్యి గజాల రైఫిల్ వాడికీ ఈ ఎర పెట్టినవాడికీ పోలిక పెడితే మొదటివాడికి కోపం వస్తుంది. నిజానికి వాడు చూసి ఎంచుకుంటాడు, వీడు ఎంచుకోడు, ఆ తేడా పెద్దదే. కానీ గాయం అయిన క్షణంలో ఇద్దరూ అక్కడ లేరు. ఆ ఒక్క విషయంలో ఇద్దరూ ఒకే దారిలో వేరువేరు మైలురాళ్ళ దగ్గర ఉన్నారు.

కాబట్టి అడగాల్సింది పెద్ద సిద్ధాంతమేం కాదు, అనుమతి పత్రంలో మరికొన్ని షరతులు. కాల్చేది ఎంత దూరం లోపో ముందే రాయాలి. పొలాల్లో అయితే మంచె మీద నుంచే, వెనక తూటా ఆగే గట్టు ఉన్నచోటే. సాయంత్రం వెలుగు పోయాక కొత్త జంతువు మీద పేల్చకూడదు, ఎందుకంటే జాడ పట్టే వెలుగు మిగలదు. రాత్రి వచ్చే పందుల విషయంలో ఇది కష్టమని రైతులంటారు. అప్పుడు దూరాన్ని ఇంకా తగ్గించాలి, జాడ తెలిసిన స్థానికుణ్ణి, శిక్షణ ఉన్న కుక్కను వెంట ఉంచాలి. చెంచు, కోయ, గోండు పల్లెల్లో ఆ జాడ చదివే విద్య ఇంకా పూర్తిగా పోలేదు. షూటర్‌కు ఇచ్చే సొమ్ములో కొంత వాళ్ళకు దక్కితే తప్పేం లేదు. గాయపడి పోయిన జంతువు దొరికేదాకా కొత్తదాని మీద గురి పెట్టకూడదు. ఇది అన్నిటికంటే కఠినమైన షరతు, అన్నిటికంటే ముఖ్యమైనదీ ఇదే. దూరం నుంచి పేల్చేవాడికి రోజంతా వెతుకులాటే మిగులుతుంది, దగ్గరికి వచ్చినవాడికి పని జరుగుతుంది. దీన్ని అమలు చేస్తే గజాల హద్దును విడిగా కాపలా కాయనక్కర్లేదు, షూటరే దగ్గరికి వస్తాడు.

ఇంకొకటి లెక్కల పుస్తకానికి సంబంధించినది. కాల్పుల తర్వాత అధికారుల ప్రకటనల్లో, పత్రికల శీర్షికల్లో కనిపించేది చచ్చిన జంతువుల సంఖ్య. మొకామాలో అయినా, వైశాలిలో అయినా దేశం విన్నది ఆ సంఖ్యనే. పేల్చిన తూటాలెన్ని, తగిలినవెన్ని, రెండో తూటా అవసరమైనవెన్ని, గాయంతో తప్పించుకున్నవెన్ని అన్న నాలుగు గడులు ప్రతి అనుమతి పత్రం వెనక ఉండాలి. వాటిని నింపి, సంతకం పెట్టి, ఆ ఊరి పంచాయతీలో చదివి వినిపించాకే షూటర్‌కు బిల్లు చెల్లించాలి. సేంద్రా మకాంలో ఎవరి బాణం ఎక్కడ తగిలిందో పదిమంది ముందు చెప్పుకోక తప్పదు. సర్కారు తూటాకు ఆపాటి విచారణ పెట్టడానికి కొత్త చట్టం అక్కర్లేదు, ప్రధాన వన్యప్రాణి సంరక్షణాధికారి సంతకంతో ఒక ఉత్తర్వు చాలు.